పదికి నాలుగు

కైకలూరు దాటాక కొల్లేరు వైపు, చేపల చెరువు గట్టు మీద ఒక ఇల్లు. జూన్ నెల. మధ్యాహ్నం మూడు గంటలు.

"ఇంకోసారి చదువు భవానీ."

"చదవను బావా. డాక్టరుగారు ఒక్కసారే చదువుతారని నువ్వే చెప్పావు."

"నువ్వు గబగబా చదివేశావు. ఆయన మాటకీ మాటకీ మధ్య ఆగుతారు."

"నేనూ ఆగాను. ఏలూరులో పేషెంట్లకి మందులు ఎప్పుడు వేసుకోవాలో చెప్పినంత నెమ్మదిగా చదివాను. గుర్తున్నవి చెప్పు."

"వల."

"ఊఁ."

"గొడుగు. ఉప్పు. అద్దం."

"నాలుగు."

"కొంగ."

"అయిదు. ఇంకా?"

"చాలు. అయిదు చాలు నాకు."

"పదికి అయిదు చాలా? వల, గొడుగు, కొడవలి, దీపం, బస్సు, మామిడికాయ, తలుపు, కొంగ, అద్దం, ఉప్పు. ఇవేమన్నా మందుల పేర్లా? రోజూ వినేవే. మా వార్డులో అరవై దాటినవాళ్ళు కూడా ఆరేడు చెప్తారు."

"నాకు నాలుగు వస్తే సరిపోతుంది. ఒకటి ఎక్కువే వచ్చింది."

"ఎందుకు సరిపోతుంది? వచ్చిన దగ్గర్నుంచి పదాలు రాయి, చదువు అంటున్నావు. నర్సింగ్ చదువుతున్నదాన్ని కదా అని కూర్చోబెట్టావు. ఎందుకో చెప్పలేదు."

"నాలుగింటికి మా టీమ్ డాక్టరుగారు వీడియో కాల్ చేస్తారు. నరసింహమూర్తి గారని. చిన్న పరీక్ష పెడతారు. తల బాగానే ఉందని సంతకం పెట్టి ఆ కాగితం నైరోబీ క్లబ్బుకి పంపిస్తారు. అది అందితే వాళ్ళు టికెట్ పంపుతారు. రెండేళ్ళ కాంట్రాక్టు."

"నీ తల బాగోలేదని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. రగ్బీ ఆడేవాళ్ళందరికీ పెడతారు. ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునే ఆట కదా."

"మరి నాలుగు ఎందుకు చాలు? అది చెప్పు."

"సీజన్ మొదలయ్యే ముందు జనవరిలో ఒకసారి పెడతారు. అప్పుడు ఎన్ని చెప్పామో రాసుకుంటారు. తర్వాత మళ్ళీ ఎప్పుడు పెట్టినా దాంతో పోల్చి చూస్తారు. తగ్గితే ఆడనివ్వరు. తగ్గకపోతే ఏం లేదు."

"నీకు జనవరిలో నాలుగే వచ్చాయా? ఏడో క్లాసులో సోషల్ పుస్తకం ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా ఒప్పజెప్పేవాడివి."

"కావాలనే నాలుగు చెప్పాను. అందరం అంతే. మొదట తక్కువ చెప్పేస్తే, రేపు నిజంగా తలకి తగిలినా తేడా కనపడదు. టీమ్‌లో చేరిన మొదటి వారమే సీనియర్లు నేర్పిస్తారు."

"దొంగ లెక్క."

"పొట్ట కూటి లెక్క."

"పెద్ద డైలాగు. మీ డాక్టరుగారికి తెలీదా?"

"తెలిసే ఉంటుంది. పధ్నాలుగు మంది ఉంటాం. అందరికీ నాలుగూ అయిదూ వస్తే ఎవరికి తెలీదు?"

"సరే. ఎప్పుడు తగిలింది?"

"ఏంటి?"

"దెబ్బ. తగలకపోతే నీకింత కంగారెందుకు? హైదరాబాదులో ఆఖరి మ్యాచ్‌లోనా?"

"అమ్మ ఎక్కడికెళ్ళింది?"

"మా నాన్న బండి మీద కైకలూరు వెళ్ళింది. రొయ్యపొట్టు కొనడానికి. మీ నాయనమ్మకి నీచేత పంపిస్తుందట. మాట మార్చకు."

"పన్నెండు రోజులైంది. ఒకణ్ణి పట్టుకోబోయాను. వాడి మోకాలు ఇక్కడ తగిలింది, చెవి పైన. రిఫరీ అటు తిరిగున్నాడు. ఎవరూ చూడలేదు. లేచాను. ఆడాను. చివర్లో పాయింట్లు కూడా తెచ్చానట."

"తెచ్చానట ఏంటి?"

"వీడియోలో చూశాను."

"బావా."

"బంతి పట్టుకుని అరవై మీటర్లు పరిగెత్తాను. గీత దాటి కింద పెట్టాను. మా టీమ్ నిరంజన్ వచ్చి నన్ను ఎత్తుకున్నాడు. అంతా ఉంది. నా జెర్సీయే. నా జుట్టే."

"నీకు గుర్తులేదా?"

"జనం అరుపులు గుర్తున్నాయి. అవి వేరే మ్యాచ్‌వేమో తెలీదు."

"డాక్టరుగారికి చెప్పావా?"

"చెప్తే ఈ కాగితం ఎవరు పంపుతారు?"

"ఇంటికొచ్చాక ఇంకేమన్నా అయ్యిందా?"

"ఏం కాలేదు."

"మంగళవారం గట్టు మీద ఏమైంది?"

"ఏ గట్టు?"

"నాన్న చెప్పాడు. ఐసు తెస్తానని బండేసుకుని వెళ్ళావు. తిరిగొచ్చేటప్పుడు మూడు గట్లు కలిసే చోట బండాపి నిలబడ్డావు. ఐసు కరిగి బస్తా కింద నుంచి కారిపోతోందట. నాన్న మూడు కేకలేస్తే గానీ పలకలేదట."

"ఫోనొచ్చింది. మాట్లాడుతున్నాను."

"నీ ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉంది. నేనే పెట్టాను."

"నిద్ర చాల్లేదు ఆ రోజు."

"నా వైపు చూసి చెప్పు."

"ఇల్లు ఎటో తెలీలేదు."

"ఎంతసేపు?"

"తెలీదు. ఎటు చూసినా నీళ్ళు, నీళ్ళు చిలికే ఏరేటర్లు, కొంగలు. మూడు గట్లూ ఒకేలా ఉన్నాయి. చిన్నప్పటి నుంచి తిరిగినవే. ఎవరినన్నా అడుగుదామని కూడా అనిపించింది. మేత బస్తాలు దింపుతున్నవాళ్ళు అక్కడే ఉన్నారు."

"అడగొచ్చుగా?"

"ఏమని అడగను? చిన్నప్పుడు నన్ను చూసి ఈ ఊళ్ళో ఎంతమంది ఎన్ని మాటలన్నారో నీకు తెలుసు. అమ్మ పేరెత్తి, నాగమణి కువైట్ నుంచి తెచ్చిన సామాన్లలో వీడొకడు అన్నారు. వీడు మనవాడే అనిపించుకోడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. ఇప్పుడెళ్ళి మా ఇల్లెక్కడండీ అని అడగనా?"

"నీ మీద ఎవరన్నా నవ్వితే నేను ఊరుకుంటానా?"

"నువ్వు ఎంతమందిని కొడతావు? లీగ్ మొదలైన రోజు హోటల్లో నా పేరు ఫారిన్ ప్లేయర్ల లిస్టులో రాశారు. రిసెప్షన్‌లో అమ్మాయి ఇంగ్లీషులో పాస్‌పోర్ట్ అడిగింది. మాది కైకలూరు పక్కనండీ, ఆధార్ ఉంది అన్నాను. పెన్ను కింద పడేసుకుంది."

"నైరోబీలో దిగు, ఇండియావాడు వచ్చాడంటారు."

"అంటే అననీ. పిలిచినవాళ్ళు తెలిసే పిలిచారు. ఇండియా టీమ్‌కి ఇంతవరకు ఆడలేదు, నాన్నది కెన్యా, అక్కడి టీమ్‌కి కూడా ఆడొచ్చు అన్నారు. హెన్రీ ఒటియెనో అని పూర్తి పేరుతో పిలిచారు ఫోన్లో. ఇక్కడ ఆ పేరు నా సర్టిఫికెట్ మీద తప్ప ఎవరూ పలకలేదు."

"అదిగో, మీ అమ్మ వస్తోంది."

"ఏమీ అనకు. భవానీ, నీకు దణ్ణం పెడతాను, ఒక్క మాట కూడా అనకు."

"భవానీ, ఈ సంచి అందుకోవే. అన్నయ్య నన్ను గట్టు మొదట్లో దింపేసి పోయాడు. చెరువుకి మేత వేసే టైమంట."

"ఇంత ఎందుకు కొన్నావత్తా? నాలుగు కిలోలుంటుంది."

"ఆవిడకొక్కదానికేనా? ఇరుగూపొరుగూ ఉండరా? వాళ్ళ ఊరు కిసుము కూడా మన ఊరిలాంటిదే. ఇంతకి వందరెట్లు పెద్ద సరస్సు. ఇంటి ముందే పడవలు. మీ మావయ్య చెప్పేవాడు, మా అమ్మ చేప బొమ్మిడాయిలా జారిపోయినా వదలదు అని. ఏరా హెన్రీ, మొన్న ఆవిడ ఫోన్లో నాతో ఏదో అంది, ఏమంది?"

"నిన్ను తీసుకురమ్మంది."

"నేనెందుకురా ఇప్పుడు? నువ్వు వెళ్ళు ముందు. భవానీ, నీకు తెలీదు, అప్పుడు నువ్వు ఇంకా పుట్టలేదు. ఆయన కువైట్‌లో లారీ కింద పడి పోతే ఆవిడకి కొడుకుని పెట్టెలో పంపాం. వీడికి నాలుగేళ్ళు. నా దగ్గర టికెట్‌కి డబ్బులు లేక పెట్టెతో వెళ్ళలేకపోయాను. ఇన్నాళ్ళకి మనవణ్ణి నడిపించి పంపిస్తున్నాను."

"అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు?"

"ఏం, అనకూడదా? నాలుగింటికేగా డాక్టరుగారి ఫోను? మొహం కడుక్కో. భవానీ, వీడికి అల్లరి ఎక్కువైంది. పొద్దున పులుసులో ఉప్పేశావా అమ్మా అని మూడుసార్లు అడిగాడు. వేశానురా అన్నానా, అన్నం కలుపుకున్నాడు, మళ్ళీ ఉప్పేశావా అన్నాడు. పాతికేళ్ళొచ్చాయి, ఇంకా ఏడిపిస్తాడు నన్ను."

"మూడుసార్లా అత్తా?"

"ఆ. నేను గరిటె ఎత్తాను. అప్పుడాపాడు. చేపలు బాగుచేసి వస్తాను, పెరట్లో ఉంటాను. ఫోనొస్తే నన్ను పిలవండి, ఆయనకి నమస్కారం పెడతాను."

"వెళ్ళింది. భవానీ, అలా చూడకు నన్ను."

"ఉప్పు సంగతి నిజంగా ఏడిపించావా?"

"ఏడిపించాను."

"ఇందాకటి పది పదాలు చెప్పు."

"ఇప్పుడెందుకు?"

"మీ డాక్టరుగారు కాసేపాగి మళ్ళీ అడుగుతారు కదా? మాకు క్లాసులో చెప్పారు. అసలు చూసేది అదే. నీ జనవరి నాలుగు కూడా అదేనా?"

"అదే."

"అయితే చెప్పు."

"వల. కొంగ. పడవ."

"పడవ లేదు."

"ఉంది. నువ్వు చదివావు."

"ఇదిగో కాగితం. నా చేతిరాత. ఎక్కడుంది పడవ?"

"లేదు."

"ఇంకా చెప్పు."

"అంతే."

"రెండు. పదికి రెండు బావా."

"అందుకే నువ్వొకటి చెయ్యాలి. అక్కడ ఐసు పెట్టెల మూతలున్నాయి కదా, థర్మోకోల్‌వి. ఒకటి తీసుకో. స్కెచ్ పెన్ను నా బ్యాగులో ఉంది. ఆయన పదాలు చదువుతుంటే దాని మీద రాసి, ఫోను వెనకాల నిలబడి పట్టుకో. పెద్దక్షరాలు. అన్నీ వద్దు. అయిదు చాలు."

"నేను పట్టుకోను."

"భవానీ."

"నన్ను ఏం చదివించారనుకుంటున్నావు? పేషెంటు అబద్ధం చెప్తుంటే బోర్డు పట్టుకో అని చదివించారా? వినిపించుకో ఒక్క నిమిషం. నీకు తగిలి పన్నెండు రోజులే. ఆటకి దూరంగా ఉండి, చెప్పినట్టు వింటే చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. మా పుస్తకంలో ఉంది. తగ్గకముందే మళ్ళీ తలకి తగిలితేనే ప్రాణం మీదకొస్తుంది. ఆయనకి చెప్పెయ్. ఒక నెల పోతుంది, అంతేగా?"

"నెల పోతే కాంట్రాక్టు పోతుంది. పదో తారీఖుకి అక్కడ ఉండాలి. నా బదులు ఆడేవాడు అక్కడ వీధికి నలుగురుంటారు."

"ఇంకేదన్నా చేసుకో. ఇక్కడే ఉండు. నాన్నతో చెరువులు చూసుకో."

"మూడు గట్ల దగ్గర దారి తెలీనివాడు చెరువులు చూస్తాడా?"

"అదే చెప్తున్నాను, తగ్గుతుంది."

"నాకు వేరే ఏం వచ్చు? ఎనిమిదో క్లాసులో కబడ్డీ ఆడుతుంటే భువనేశ్వర్ నుంచి వచ్చినాయన చూశాడు. హాస్టల్లో వేశాడు. అన్నం పెట్టి, చదువు చెప్పించి, ఎదుటివాణ్ణి పడగొట్టడం నేర్పారు. పన్నెండేళ్ళ నుంచి అదే పని."

"ఈ పన్నెండేళ్ళలో తలకి ఎన్నిసార్లు తగిలింది?"

"ఎవరు లెక్కపెట్టారు?"

"నువ్వు."

"భవానీ, అమ్మ ఇంకా రాలేదేంటి?"

"ఏంటన్నావు?"

"రొయ్యపొట్టు కోసమని వెళ్ళింది కదా. నాలుగవుతోంది. మావయ్య ఎక్కడ ఆపాడో."

"వచ్చింది బావా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఇక్కడే నిలబడి నీతో మాట్లాడింది. పెరట్లో చేపలు బాగుచేస్తోంది. వినపడట్లేదా?"

"అవును. అవునవును. వచ్చింది. నేనే ఏదో ఆలోచిస్తూ."

"నాకు భయమేస్తోంది బావా."

"ఫోను మోగుతోంది. మూత తీసుకో."

"బావా, వద్దు."

"తీసుకో భవానీ! ఈ ఒక్కసారికి. మళ్ళీ జన్మలో ఏమీ అడగను."

"చెయ్యి వదులు. తీసుకుంటాను. వదులు."

"నమస్తే డాక్టరుగారూ."

"నమస్తే హెన్రీ. ఏమయ్యా, వెనకాల అంతా నీళ్ళే. పడవలో ఉన్నావా?"

"లేదండీ. మా ఇల్లేనండి. చేపల చెరువులు."

"నాకు పులస కావాలంటే మీ దగ్గర దొరుకుతుందా?"

"పులస గోదార్లో అండీ. మా దగ్గర బొచ్చె, శీలావతి."

"అదీ బాగుంటుంది. సరే, పని చూద్దాం. ఇది ఏ నెల?"

"జూనండీ."

"ఆఖరి మ్యాచ్ ఎవరితో ఆడాం?"

"బెంగుళూరుతో. గెలిచామండి."

"నువ్వే గెలిపించావు. ఆ పరుగు నేను జన్మలో మర్చిపోను. సరే, పది పదాలు చదువుతాను. తెలుగులోనే. కుర్చీ. వంతెన. పెన్సిలు. గుర్రం. సబ్బు. టికెట్టు. నిమ్మకాయ. గంట. దుప్పటి. రైలు. చెప్పు."

"కుర్చీ, వంతెన, రైలు, దుప్పటి, నిమ్మకాయ."

"మంచిది. ఇప్పుడు ఒంటికాలి మీద నిలబడు. నడుం మీద చేతులు. నేను ఇరవై లెక్కపెడతాను. తూలుతున్నావేంటి?"

"గట్టు మీద నేల సరిగ్గా లేదండీ."

"సరేలే. ఇంకో కాలు. ఫర్వాలేదు. కూర్చో. అమ్మగారు బాగున్నారా? నైరోబీ వెళ్తున్నావంటే ఏమన్నారు?"

"సంతోషమండీ. రొయ్యపొట్టు కొన్నారు."

"ఎయిర్‌పోర్టులో ఆ వాసనకి నిన్ను పక్కన నిలబెడతారు చూడు. సరే, ఇప్పుడు ఇందాకటి పదాలు మళ్ళీ చెప్పు. ఏంటి, కళ్ళు మూసుకున్నావు?"

"ఇలాగే చెప్తానండీ."

"తెరిచి చెప్పినా పరవాలేదయ్యా. అక్కడెవరో ఉన్నట్టున్నారు, నీడ కనపడుతోంది."

"మా మరదలండీ. భవాని. ఏలూరులో నర్సింగ్ చదువుతోంది."

"అమ్మా భవానీ, అందించకూడదు."

"అందించట్లేదండీ. బావ నా వైపు చూడట్లేదు."

"సరే. చెప్పు హెన్రీ."

"కుర్చీ."

"ఊఁ."

"రైలు."

"తొందరేం లేదు."

"వంతెన."

"మూడు. ఇంకోటి? జనవరిలో నాలుగు చెప్పావు."

"అంతేనండీ."

"సరే, మూడు. ఒక్కటేగా తేడా. వీడియోలో ఇంతకన్నా బాగా రాదులే. సాయంత్రానికి కాగితం పంపించేస్తాను. సామాను సర్దుకో."

"బావా. కళ్ళు తెరువు. చెప్పు ఆయనకి. పన్నెండు రోజులదే, తగ్గుతుంది. చెప్పు."

"ఏమంటోంది ఆ అమ్మాయి?"

"డాక్టరుగారూ, ఆఖరి మ్యాచ్‌లో నా తలకి తగిలింది. మోకాలు. నేను చెప్పలేదు."

"ఏంటి?"

"ఆ పరుగు నాకు గుర్తులేదండీ. మొన్న ఇంటికి దారి మర్చిపోయాను. ఇందాక అమ్మ వచ్చింది కూడా మర్చిపోయాను."

"దెబ్బేంటిరా? ఎవరికి తగిలింది? భవానీ, ఏంటే ఇది? ఆ మూత ఎందుకు పట్టుకున్నావు?"

"అత్తా, నువ్వు ఇటు కూర్చో. చేతులకి రక్తం, కడుక్కో ముందు."

"చేపల రక్తమే. దారి మర్చిపోవడమేంటి? ఒరేయ్ హెన్రీ!"

"అమ్మగారూ, నమస్కారమండీ. కంగారు పడకండి. హెన్రీ, ఇప్పటికైనా చెప్పావు. నేను తిట్టను. ఇప్పుడు నేను చెప్పేది అందరూ వినండి. జనవరిలో మీరందరూ కావాలనే తక్కువ చెప్తారని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను, అది నా తప్పు. నీ అసలు లెక్క ఎనిమిదో తొమ్మిదో అయ్యుంటుంది. ఈ మూడు ఆ మోకాలి దెబ్బ వల్ల. అమ్మగారూ, పన్నెండు రోజుల కిందటి దెబ్బ ఇది. రేపు హైదరాబాదు తీసుకురండి, స్కాన్ తీయిద్దాం. కొన్నాళ్ళు ఆట మానేస్తే మళ్ళీ మామూలు మనిషవుతాడు. నైరోబీ వాళ్ళతో నేను మాట్లాడతాను, రెండు నెలలు ఆగమని."

"విన్నావా అత్తా? తగ్గిపోతుందట. నేను ఇందాకే చెప్పాను బావకి. జనవరిలో బాగానే ఉన్నాడు, ఇది మొన్నటిదే. ఏడవకు. బావా, నువ్వైనా చెప్పు అత్తకి."

"డాక్టరుగారూ."

"చెప్పు హెన్రీ."

"జనవరిలో నేను కావాలని తక్కువ చెప్పలేదండీ. పదీ చెప్పాలనే కూర్చున్నాను, నాలుగే గుర్తొచ్చాయి."